వీధి రాకెట్లను తక్షణం అరికట్టాలి

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఖాళీ అయ్యాక మన ఇళ్లలో దానికి పట్టే గతులు మూడు. నీళ్లు నింపి ఫ్రిజ్‌లో పెడతారు. మూత పోతే మెడ కోసి మనీప్లాంటు వేస్తారు. రెంటికీ చెడితే పాత సామాన్ల బండికి వేసి ఉల్లిపాయలు తీసుకుంటారు. మన వీధుల్లో శాంతిభద్రతలు ఇంతకాలం నిలిచింది ఈ ఏర్పాటు మీదే. ఆ సీసాను తలకిందులుగా నిలబెట్టి ఆకాశంలోకి కూడా పంపవచ్చని మా కాలనీ పిల్లలు వేసవి సెలవుల్లో కనిపెట్టడంతో పరిస్థితి అదుపు తప్పింది. విషయాన్ని పాలకుల దృష్టికి తేవడం బాధ్యత గల పౌరుడిగా నా ధర్మం కనుక కలం పట్టాను.

ముందు పంచనామా. ఘటనాస్థలంలో కనిపించినవి: పైన చెప్పిన సీసా. పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన వాల్వు, దాన్ని దూర్చిన రబ్బరు బిరడా. పంక్చర్ల షాపులో మూలపడి ఉన్న చేతిపంపు. ప్లంబరు మిగిల్చిపోయిన పీవీసీ పైపు ముక్కలతో లాంచ్‌ప్యాడు. ముక్కు స్థానంలో చీలిపోయిన రబ్బరు బంతి సగం, దాని లోపల బంకమట్టి. విరిగిన గొడుగు నుంచి కత్తిరించిన గుడ్డతో పారాచ్యూటు. రెక్కలకేమో ఫైలు అట్ట మీద అంటించిన పాత ఎన్నికల ఫ్లెక్సీ. ఒక రెక్క మీద అభ్యర్థి చిరునవ్వు, రెండో దాని మీద జోడించిన చేతులు, మూడో దాని మీద గుర్తు. ఆయనకు ఎన్నికల్లో డిపాజిట్టు దక్కలేదు. మొన్న మాత్రం మా వాటర్ ట్యాంకు దాటి పైకి వెళ్లారు.

మొత్తం ఖర్చు: సున్నా. అధికారులకు అనుమానం రావలసింది ఇక్కడే. అడ్మిషన్ ఫీజు, యూనిఫాం, బస్సు చార్జీలు లేకుండా అబ్బే చదువు చట్టబద్ధమైనదేనా?

"ఇందులో నీళ్లెందుకురా?" అని విచారణాధికారి గొంతుతో అడిగాను.

"బరువు కోసం అంకుల్. వట్టి గాలి అయితే తుస్సుమంటుంది. నీళ్లు బరువు కదా, వాటిని కిందికి గట్టిగా తోస్తే సీసా పైకి గట్టిగా లేస్తుంది."

"మరి నిండా పోసుకోవచ్చుగా?"

"అప్పుడు గాలికి చోటేదీ?"

మూడో వంతు నీళ్లు, తక్కినది గాలి అట. ఆ గాలిని కారు టైరుకు కొట్టే దానికన్నా కాస్త ఎక్కువే కొడతారు. అంత ఒత్తిడికి మామూలు మంచినీళ్ల సీసా పనికిరాదని, గ్యాసు పట్టే కూల్‌డ్రింకు సీసాయే కావాలని, అందరూ దూరంగా జరిగాకే దారం లాగి వదలాలని కూడా వాళ్లకు తెలుసు. ఎవరు చెప్పార్రా అని గద్దిస్తే ఏ మాస్టారూ చెప్పలేదన్నారు. పావు పోసి చూశారట, సగం పోసి చూశారట, ఏది ఎక్కువ ఎత్తు పోయిందో గోడ మీద బొగ్గుతో రాసుకున్నారట. గురుముఖతః రాని విద్య ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పాలా?

న్యూటన్ మూడో నియమాన్ని మా తరం ఎంత పద్ధతిగా నేర్చుకుంది! చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్క గుక్కలో అప్పజెప్పాం. రెండు మార్కులు వచ్చాయి. దాంతో ఆ నియమానికీ మాకూ రుణం తీరిపోయింది. ఇన్నేళ్లలో అది మా మీద ఒక్క నీటిచుక్క చిలకరించిన పాపాన పోలేదు. ఈ పిల్లలు మాత్రం దాని కింద నిలబడి నిలువునా తడుస్తున్నారు. పైగా నవ్వుతున్నారు.

ఇంకో వికృతచేష్ట చూడండి. రాకెట్టు నడుముకు, అది సరితూగే చోట, దారం కట్టి, ఒకడు దాన్ని తల చుట్టూ గిరగిరా తిప్పుతాడు. ముక్కు ముందుండి సాగిపోతే రాకెట్టు మంచిదట. తోక ముందుకొచ్చినా, పల్టీలు కొట్టినా ముక్కులో ఇంకాస్త మట్టి కూరతారు. బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి ముందుండాలన్న సూత్రం అది. లక్షలు కట్టి ఇంజనీరింగ్‌లో చేరి, మూడో ఏడాది ఆఖరి బెంచీలో కునికిపాట్లు పడుతూ వినవలసిన సంగతి. దాన్ని దారప్పోగుతో, అదీ నిక్కరు వయసులో, తేల్చేయడం కళాశాలల యాజమాన్యాల పొట్ట కొట్టడం కాదా?

ఎత్తు కొలిచే పద్ధతి ఇంకా దారుణం. కోణమానినికి దారం, దారానికి ఓ నట్టు కట్టి ఒకమ్మాయి దూరంగా నిలబడుతుంది. 30 మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు రాకెట్టు అందుకున్న కొస 45 డిగ్రీల కోణంలో కనిపిస్తే ఎత్తు కూడా 30 మీటర్లే, దానికి తన కంటి ఎత్తు కలుపుకుంటే సరి అంటుంది. ఇది పదో తరగతి త్రికోణమితి. పరీక్ష హాల్లో అచ్చయిన ఓడను, లైట్‌హౌసునూ చూసి చెయ్యవలసిన లెక్క. ఆరుబయట, నిజం ఆకాశం మీద ప్రయోగించడానికి బోర్డు అనుమతి ఉందా అని అడిగాను. ఆ పిల్ల నా వైపు చూసి, "కాస్త పక్కకి జరగండంకుల్, అడ్డొస్తున్నారు" అంది.

పోనీ చట్టమైనా కాపాడుతుందేమోనని 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం తిరగేశాను. అందులో మందుగుండు ఉంది, నైట్రోగ్లిజరిన్ ఉంది, డైనమైట్ ఉంది. నీళ్లు లేవు. తెల్లవాళ్లు అంత దూరం ఆలోచించలేదు. దీపావళి తారాజువ్వ సంగతి వేరు. ఖాళీ బీరు సీసాలో దాన్ని నిలబెట్టి నిప్పంటించడం సంప్రదాయం. అది ఎదురింటి బాల్కనీలోకి దూరి కర్టెను కాలిస్తే పండగ. నిప్పు లేకుండా నీళ్లతో ఎగరేస్తేనే అల్లరి. ఈ తేడా తెలిసినవాళ్లు కాలనీలో నేను కాక ఇంకా చాలామంది ఉన్నారని చెప్పడానికి గర్విస్తున్నాను.

ఇలాంటి హెచ్చరికలు రాయడంలో నా ఆదిగురువు 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో సంపాదకీయం రాసిన మహానుభావుడు. అంతరిక్షంలో తోసుకోవడానికి ఏమీ ఉండదు కదా, అక్కడ రాకెట్టు ఎలా నడుస్తుంది, ఈ రాబర్ట్ గొడార్డ్ అనే ప్రొఫెసరుకు హైస్కూళ్లలో రోజూ గరిటెతో వడ్డించే పాటి జ్ఞానం కూడా లేదే అని ఆయన జాలిపడ్డాడు. గొడార్డ్ వినలేదు. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్ దగ్గర ఎఫీ అత్త పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ పోసిన రాకెట్టును వదిలాడు. రెండున్నర సెకన్లు ఎగిరింది. 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల అవతల క్యాబేజీ మడిలో పడింది. మా పిల్లల సీసా ఇంతకన్నా పైకే పోతుంది. నన్నడిగితే తప్పంతా ఎఫీ అత్తది. నలభై దాటినవాడు పొలంలో గొట్టాలు నిలబెట్టి నిప్పు పెడుతుంటే, "ముందు సొంత ఇల్లు కట్టుకోరా నాయనా" అన్న ఒక్క మాట ఆవిడ నోట రాకపోయె! మన వైపు ఏ అత్తయినా ఇలా ఊరుకుంటుందా?

ఆ పత్రిక పొరపాటు ఒప్పుకుంటూ సవరణ వేసింది 1969 జూలై 17న. అప్పటికి అపోలో 11 బయల్దేరి ఒక రోజైంది. గొడార్డ్ పోయి దాదాపు 24 ఏళ్లు. అంటే ఒక తప్పు మీద 49 ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబడ్డారు. ఈ వ్యాసంలో ఏవైనా దోషాలుంటే నాకూ అంతే గడువు ఇవ్వాలని పాఠకులను కోరుతున్నాను.

"మరి ఇస్రో కూడా ఇలాగే మొదలైంది కదండీ" అని కొందరు తెలివితక్కువగా అంటుంటారు. ఇస్రో అంటే నాకెంత గౌరవమో మా కాలనీ వాట్సాప్ గ్రూపు చూస్తే తెలుస్తుంది. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి రాకెట్టు లేచిన తుంబాలో చర్చి భవనమే ఆఫీసు అని, రాకెట్టు ముక్కును సైకిల్ వెనక కట్టి తీసుకెళ్లారని ఏటా ఫొటోతో సహా పెడతాను. 1981లో యాపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండి ఎక్కించిన ఫొటో పెట్టినప్పుడైతే దండం పెట్టే చేతులు వరదలా వస్తాయి. నిజానికి అది లేమి కాదు. యాంటెన్నా పరీక్షకు ఇనుము అడ్డురాని బండి కావలసి వచ్చి ఎడ్లబండి తెచ్చుకున్నారు. బాగా ఆలోచించి చేసిన పని. కానీ ఆలోచనను చూసి ఎవరికీ కన్నీళ్లు రావు కనుక లేమి అనే అనుకుందాం. ఆ ఫొటోకు మొట్టమొదట దండం పెట్టిన మా అసోసియేషన్ కార్యదర్శిగారే, సైకిల్ వెనక పీవీసీ పైపు కట్టుకుని వస్తున్న పిల్లలను చూసి వాచ్‌మన్‌తో గేటు వేయించారు. సైకిల్ మీద రాకెట్టు ఫొటోలో ఉంటేనే దేశభక్తి.

అసలు ప్రమాదం ఇంకా చెప్పలేదు. ఈ రాకెట్లు చాలాసార్లు ఎగరవు. బిరడా జారుతుంది, నీళ్లన్నీ పంపు కొట్టేవాడి మొహాన పడతాయి. ఒకసారి రెక్క ఊడి అడ్డంగా పోయి మూడో అంతస్తు డాబా మీద ఆరబెట్టిన వడియాల్లో పడింది. ఇక ఈ పీడ విరగడైంది అనుకున్నాను. వడియాల పిన్నిగారు రాకెట్టును తిరిగిచ్చేస్తూ, "ఈసారి అటు మర్రిచెట్టు వైపు తిప్పి పెట్టుకోండర్రా, మళ్లీ ఎప్పుడు వదుల్తారో చెప్పండి, చూస్తాను" అన్నారు. సమాజం లోపలి నుంచి ఎలా కుళ్లుతుందో నాకు ఆ క్షణాన అర్థమైంది.

ప్రతిసారీ పడిన సీసా చుట్టూ మూగి, ఎక్కడ లీకైందో వేలితో తడిమి, ఆ పిల్లలు అనే మాట ఒక్కటే: "మళ్లీ చేద్దాం." మన విద్యావ్యవస్థ మొత్తం ఎవరూ ఆ మాట అనకుండా ఉండటం కోసం కట్టుకున్నది. తప్పిన పిల్లవాడికి ఇంట్లో మాటలు బందవ్వాలి. మేనమామ ఫోను చెయ్యాలి. ర్యాంకు వచ్చిన పక్కింటి అబ్బాయి ఫొటో కూడలిలో హోర్డింగ్ మీద కనపడాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఇస్రో వారి మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సప్లిమెంటరీలో గట్టెక్కిందన్నమాట. అదే మన ఇళ్లలో అయితే ఆ మధ్య పదకొండు నెలలూ పెళ్లిళ్లకు వెళ్లడం మానుకునేవాళ్లం. పడిపోవడం ఉచితమనీ, సరదాగా కూడా ఉంటుందనీ ఈ వయసులోనే తెలిసిపోతే, రేపు వీళ్లను హాస్టల్లో పెట్టి తెల్లవారుజామున లేపడం ఎవరి తరం?

ఈ నేపథ్యంలో అసోసియేషన్ అత్యవసర సమావేశం జరిగింది. కాలనీ సరిహద్దుల్లో రాకెట్లను పూర్తిగా నిషేధించాలని అధ్యక్షులవారు ప్రతిపాదించారు. నేను లేచి వ్యతిరేకించాను. అందరూ ఆశ్చర్యపోయారు. నిషేధిస్తే చెరువుగట్టుకు పోతారండీ, ఇంకా ఎత్తుకు ఎగరేస్తారండీ అని నచ్చజెప్పాను. దీనికి నిఖార్సైన విరుగుడు ఒకటే. సిలబస్‌లో చేర్చడం.

ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది. 'నీటి రాకెట్టు' ప్రాజెక్టుకు ఐదు మార్కులు. రికార్డులో ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, జాగ్రత్తలు, ఫలితం వరుసగా రాయాలి. బొమ్మ పెన్సిలుతోనే వెయ్యాలి. ఎత్తు ఎంత వచ్చిందన్న ప్రశ్నకు జవాబు గైడులో అచ్చువేస్తాం, రాష్ట్రమంతా అదే ఎత్తు రావాలి. స్టేషనరీ షాపుల్లో థర్మోకోల్ రాకెట్లు రంగులేసి అమ్ముతారు, తండ్రులు ముందురోజు రాత్రి కొనుక్కొస్తారు. ఆరో తరగతి నుంచే రాకెట్ ఫౌండేషన్ బ్యాచ్‌లు మొదలవుతాయి. ప్రాక్టికల్ రోజున బయటి పరీక్షాధికారి వస్తారు, ఆయనకు టిఫిను, కాఫీ. రికార్డులు తడిసే అవకాశం ఉంది కనుక ఆ రోజు హాల్లోకి నీళ్లు అనుమతించబడవు.