ఒక్క ‘నే’ దగ్గర తిరగబడే బాణం

‘పి అయితే క్యూ’కి (పి, క్యూ రెండు వాక్యాలు) సత్య పట్టిక, అంటే ఏ భాగం సత్యమైతే, ఏది అసత్యమైతే మొత్తం ఏమవుతుందో చూపే పట్టిక, బోర్డు మీద వేసేసి, నాలుగు వరసలూ బట్టీ పట్టమనడంతోనే లాజిక్ పాఠం చెడుతోంది. పి అసత్యమైనప్పుడు మొత్తం వాక్యం సత్యమెలా అవుతుందని పిల్లలు అడిగితే "అది నియమం, రాసుకో" అంటారు. ఒక్క లెక్క చాలు కదండీ. "ఒక సంఖ్య 6తో నిశ్శేషంగా భాగించబడితే 3తోనూ భాగించబడుతుంది." ఇది ఏ సంఖ్యకైనా నిజమే. 12 వేయండి: రెండు భాగాలూ సత్యం. 9 వేయండి: మొదటిది అసత్యం, రెండోది సత్యం. 7 వేస్తే రెండూ అసత్యం. వాక్యం అన్ని సంఖ్యలకీ నిజమని ఒప్పుకున్నాక ఈ మూడు వరసల్లోనూ సత్యమే రాయాలి. 6తో పోయి 3తో పోని సంఖ్య దొరికితేనే అది కూలుతుంది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలోనే గ్రీకు తార్కికుడు ఫిలో చెప్పిందీ ఇదే.

నా అసలు గొడవ వేరే. ఇంగ్లిష్‌లో ఇఫ్, ఓన్లీ ఇఫ్ అంటూ తికమకపడే తేడా మన ప్రత్యయాల్లోనే ఉంది, దాన్నెవరూ వాడుకోరు. "వానొస్తే మ్యాచ్ ఆగుతుంది" అంటే వాన పర్యాప్తం: వానొస్తే చాలు, ఆగినట్టే. "వానొస్తేనే మ్యాచ్ ఆగుతుంది" అంటే వాన ఆవశ్యకం: ఆగిందంటే వానొచ్చినట్టే, వానొచ్చినంత మాత్రాన ఆగాలని లేదు. ఒక్క ‘నే’తో పి నుంచి క్యూకి వెళ్లే బాణం (→) తిరగబడింది. (మాటల్లో ‘తేనే’ని రెండు వైపులా వాడేస్తాం, లెక్కల్లో మాత్రం అలా కుదరదు.)

‘వానొస్తే మ్యాచ్ ఆగుతుంది’కి వ్యతిరేకం రాయమంటే చాలామంది "వానొస్తే మ్యాచ్ ఆగదు" అని రాస్తారు. తప్పు. "వానొచ్చినా మ్యాచ్ ఆగలేదు" అనాలి. పి జరిగింది, క్యూ జరగలేదు. అది సంయోజకం (‘ఇదీ, అదీ’ అని కలిపే వాక్యం), మళ్లీ అనుషంగికం (‘అయితే’ వాక్యం) కాదు.

ప్రతివర్తితం (‘క్యూ కాకపోతే పి కాదు’ అని తిప్పి రాసేది) దగ్గర మాత్రం తెలుగు కాస్త మోసం చేస్తుంది. "మ్యాచ్ ఆగకపోతే వాన రాదు" అంటే మ్యాచే వానను ఆపుతున్నట్టుంటుంది. ‘అంటే’ పెట్టండి: "మ్యాచ్ ఆగలేదంటే వాన రానట్టే." అనుషంగికంలో కారణమూ లేదు, కాలమూ లేదు.

ఇదంతా రెండు మార్కుల ప్రశ్నేగా అనేవాళ్లు √ఎక్స్ = ఎక్స్ − 2 సాధించండి. వర్గం చేస్తే 1, 4 వస్తాయి. 1 వేసి చూస్తే ఎడమ పక్క 1, కుడి పక్క −1. ఈ దొంగ మూలం ఎక్కణ్నుంచి వచ్చింది? "రెండు వైపులూ సమానమైతే వాటి వర్గాలు సమానం" అన్నది నిజం, దాని విపర్యయం (వర్గాలు సమానమైతే అవీ సమానం అన్నది) నిజం కాదు. మనం ఆ విపర్యయం మీద వెనక్కి నడిచాం. పిల్లలకేమో "చివర్లో సరిచూసుకో" అని మాత్రం చెప్తాం, ఎందుకో చెప్పం.