శివుడి ఆజ్ఞ, ముప్పై ఆంప్స్

ఇది నిలబడి రాస్తున్నాను. సంగతి శనివారం రాత్రి జరిగింది, ఇవాళ మంగళవారం. అయినా కుర్చీని చూస్తే కాళ్లు వణుకుతున్నాయి.

ఆర్‌వీ అంటే ఇల్లూ బస్సూ కలిసిపోయిన బండి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. మా తోడల్లుడు ఏటా అలాంటిది ఒకటి అద్దెకి తీసుకుని తిరుగుతాడు. "స్వర్గం బ్రదర్, ఒక్క దోమ కూడా ఉండదు" అన్నాడు. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య గారు నెలన్నరగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇంటి గోడలు చూసీ చూసీ విసిగిపోయి ఉన్నారు. సరే కదా అని మేమూ ఇరవై అయిదు అడుగుల బండి ఒకటి తీసుకున్నాం. మా ఆవిడ, ఇద్దరు మగపిల్లలు, అత్తయ్య గారు, ఆవిడ అరిసెల డబ్బా, నేను. డాలస్ నుంచి తూర్పుగా మూడు గంటలు వెళ్తే లూసియానా సరిహద్దులో క్యాడో సరస్సు. నీళ్లలో నిలబడిన సైప్రస్ చెట్లు, వాటికి జడల్లా వేలాడే స్పానిష్ మాస్. చాలా బాగుంది. దాని గురించి ఇంకెప్పుడైనా చెబుతాను.

బండి తాళాలు ఇచ్చే ముందు అద్దె కంపెనీ వాళ్లు నలభై నిమిషాల వీడియో చూపించారు. అందులో టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం ఒక్కటే పావుగంట. పురుగూ పుట్రా గురించి ఒక్క ముక్క లేదు. చివర్న గిటార్ వాయించి, ప్రకృతిని ఆస్వాదించమన్నారు. ఆస్వాదించింది ఎవరు ఎవరిని అన్నది ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఈ బండికి కరెంటు కావాలంటే మన స్థలం పక్కనే ఉన్న స్తంభం పెట్టెలో లావుపాటి కేబుల్ గుచ్చుకోవాలి. మాది ముప్పై ఆంప్స్ కనెక్షన్. రాత్రి ఒంటిగంటన్నరకి ఏసీ నడుస్తుండగా అత్తయ్య గారు మోకాళ్లకి కాపడం పెట్టుకుందామని కెటిల్ ఆన్ చేశారు. అదే సమయానికి, నిద్ర పోతున్నాడనుకున్న మా పెద్దాడు మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పెట్టాడు. ఆ మూడూ కలిస్తే ముప్పై ఎక్కడ సరిపోతుంది? టప్ మని ఏసీ ఆగిపోయింది.

బ్రేకర్ బయట, ఆ స్తంభం పెట్టెలోనే ఉంది. ఫోన్ టార్చ్ పట్టుకుని, లుంగీ మీదే, హవాయి చెప్పులేసుకుని దిగాను. శుక్రవారం వాన పడింది. స్తంభం ముందు మట్టి కుప్పగా, పొడిపొడిగా, మెత్తగా ఉంది. కాళ్లకి హాయిగా ఉందనిపించి దాని మీదే కుదురుగా నిలబడ్డాను. మూత తీస్తే లోపలంతా కుంకుమ పోసినట్టు ఎర్రగా ఉంది. నిద్ర మత్తులో, వీళ్లు కూడా పెట్టెకి పూజ చేస్తారు కాబోలు అనుకున్నాను. అంతలో కుంకుమ కదిలింది.

ఫైర్ యాంట్స్. మన పెరట్లో ఎర్ర చీమ కాలి మీద పాకుతుంటేనే తెలిసిపోతుంది, ఒకటి కుట్టగానే కాలు తీసేస్తాం. వీటి పద్ధతి వేరు. చప్పుడు చేయకుండా ఎక్కుతాయి. పాదం, పిక్క, మోకాలు, ఆ పైన. ఎవరూ తొందరపడరు. అందరూ ఎక్కి ఎవరి చోట్లో వాళ్లు సర్దుకున్నాక, మనిషి కాస్త కదలగానే ఒక్కసారిగా మొదలుపెడతాయి. ఒక్కొక్కటీ నోటితో చర్మం పట్టుకుని, వెనక ముల్లుతో పొడిచి, కొంచెం జరిగి మళ్లీ పొడుస్తుంది. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ రాత్రి స్వామి ఆజ్ఞలు విడివిడిగా ఇచ్చే ఓపిక లేక హోల్‌సేల్‌గా ఇచ్చేశాడు.

ఇవి ఈ దేశపు చీమలు కావు. 1930లలో దక్షిణ అమెరికా నుంచి ఓడలో వచ్చి అలబామాలో మొబైల్ రేవులో దిగాయట. వీసా లేదు, హెచ్1 లాటరీ లేదు, వేలిముద్రలు లేవు. ఇప్పుడు దక్షిణాది రాష్ట్రాలన్నీ వాటివే. నేను 2011 నుంచి గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్నాను. వాటి శాస్త్రీయ నామంలో 'ఇన్విక్టా' అని ఉంటుంది, ఓటమి ఎరగనిది అని అర్థం. నా అప్లికేషన్ మీద మాత్రం 'పెండింగ్' అని ఉంటుంది.

ఇక లుంగీ సంగతి. మామూలు రోజుల్లో గాలి ఆడటానికి ఇంతకు మించిన వస్త్రం లేదు. కానీ చీమ కోణం నుంచి చూడండి. కింద సింహద్వారమంత ఖాళీ, పైన నడుము దగ్గర గట్టి ముడి. లోపలికి రావడానికి అడ్డు లేదు, పైనుంచి పోవడానికి దారి లేదు. ప్యాంటు అయితే కాళ్ల దగ్గర కొన్నయినా ఆగేవి. లుంగీ లోపల ఏముంది అని అడక్కండి. టెక్సాస్ ఎండాకాలం, ఏసీ ఆగిపోయిన బండి, అర్ధరాత్రి. మీరే ఊహించుకోండి, లేదా ఊహించుకోకండి.

రాత్రి పది దాటితే పార్కులో చీమ చిటుక్కుమనకూడదని రూలు. గేటు దగ్గర ఇచ్చిన కాగితంలోనే ఉంది. చీమలు రూలు పాటించాయి. అరిచింది నేను.

ఎగిరాను. ఒక కాలు దులుపుతుంటే రెండోది అదే పుట్ట మీద పడుతోంది. ఆ తెలివి అప్పుడు లేదు. బండిలో మా ఆవిడ కిటికీ తీసి, "ఏవండీ, మెల్లగా, పిల్లలు లేస్తారు" అంది. పిల్లలు అప్పటికే పక్క కిటికీలో ఉన్నారు. చిన్నాడు నాన్నకి సాయం చేద్దామని గోడ మీద దొరికిన బటన్ నొక్కాడు. బయటి కరెంటు పోయినా బండి బ్యాటరీ మీద లైట్లు వెలుగుతాయి. ఆ బటన్ ఎండకప్పు అంచున ఉన్న నీలం ఎల్‌ఈడీ పట్టీది. ఒక్కసారిగా నా మీద నీలం వెలుగు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో రికార్డింగ్ డ్యాన్సులకి కూడా అంత మంచి లైటింగ్ ఉండేది కాదు.

ఆ వెలుగులోనే పక్క బండి పెద్దాయన కనిపించాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కంగారు లేదు, నవ్వు లేదు. ఒక్క చూపు చూసి, "ఆ స్కర్టు వదిలెయ్ బాబూ" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే కుట్ల కంటే ఎక్కువ మండుతుంది. గాల్లో ఒక కాలు, చేతిలో ముడి, ఒళ్లంతా నిప్పు. అలా ఉండి ఆయనకి వివరించాను: "సర్, ఇది స్కర్టు కాదు, లుంగీ అంటారు." ఆయన తల ఊపి, "సరే, ఆ లుంగీ వదిలెయ్. దులిపితే పోవు, నీళ్లు పోసినా పోవు, చేత్తో గట్టిగా రుద్ది తుడుచుకో" అన్నాడు. వెనకాల ఆయన భార్య మర్యాదగా ఆకాశంలోకి చూస్తోంది. కిటికీలో అత్తయ్య గారు. నాకు పెళ్లయి పధ్నాలుగేళ్లు. అత్తయ్య గారి ముందు కాలు మీద కాలు కూడా వేసుకుని ఎరగను.

లుంగీ మర్నాడు పొద్దున పెద్దాయన పిక్నిక్ బల్ల కింద దొరికింది.

ముప్పై ఏడు దాకా లెక్కపెట్టి మా ఆవిడ ఆపేసింది. అత్తయ్య గారు గోడవైపు తిరిగి కూర్చుని, పసుపు ఎంత, నూనె ఎంత, ఎక్కడెక్కడ రాయాలి అని సూచనలిచ్చారు. "అల్లుడు గారికి కుదురుగా కూర్చోమని చెప్పవే" అని మధ్యలో ఒకసారి. ఒక రోజు గడిచేసరికి ప్రతి కుట్టు మీదా తెల్లటి పొక్కు లేచింది. గిల్లకూడదట.

పొద్దున పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి పాఠం చెప్పాడు. ఈ చీమలకి కరెంటు పెట్టెలంటే ప్రాణమట. లోపల ఒక దానికి షాక్ కొడితే అది వదిలే వాసనకి మిగతావి పరిగెత్తుకొస్తాయట. బండిలోకి దారులు కూడా చూపించాడు: టైర్లు, జాకీలు, నీళ్ల గొట్టం, కేబుల్. నేల తాకే ప్రతిదీ వాటికి నిచ్చెనే. ఆయన తన కేబుల్‌కీ గొట్టానికీ వాజలీన్ పట్టించి, చక్రాల చుట్టూ గిన్నెలు తోమే పొడి చల్లుకున్నాడు. అది చూడగానే అత్తయ్య గారి మొహం వెలిగిపోయింది. ముందురోజు సాయంత్రం ఆవిడ చక్రాల చుట్టూ పసుపు గీత గీస్తుంటే, "అత్తయ్య గారూ, ఇది అమెరికా" అన్నది నేనే. అరిసెల డబ్బాలోకి ఒక్క చీమ రాలేదు. ఆ మాట ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను. తోడల్లుడికి ఫోన్ చేస్తే, "దోమలు లేవన్నాను బ్రదర్, చీమలు లేవన్నానా?" అన్నాడు.

నిన్న అద్దె కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. క్రీమ్ రంగు సీటు దిండు మీద 'గుర్తుతెలియని పసుపు పదార్థం' ఉందట, క్లీనింగ్‌కి రెండొందల యాభై డాలర్లు డిపాజిట్‌లోంచి పట్టుకుంటారట. ఫోటో కూడా జత చేశారు. చాలా స్పష్టమైన ఫోటో. రెండు అర్ధచంద్రాలు, పక్కపక్కన. నలభై నిమిషాల వీడియోలో చీమకి చోటివ్వని వాళ్లు దీనికి మాత్రం క్లోజప్ తీశారు.

అభ్యంతరం ఉంటే ఫారం నింపాలట. 'మరక ఎలా ఏర్పడింది?' అని ఒక గడి, మూడొందల అక్షరాలు దాటకూడదు. ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. మా ఆవిడ వెనకనుంచి చదివి, "లుంగీ అని రాయకండి, వాళ్లకి అర్థం కాదు, స్కర్టు అని రాయండి" అంటోంది.