బ్యాటరీ డిక్కీని మింగేస్తుందట! ఆ మెసేజ్‌కి నా జవాబు

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొంటానని నోరు జారితే చాలు, ఎవరో ఒకరు ఈ మెసేజ్ పంపిస్తారు. నాకు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగోసారి పంపినాయనకైతే సొంత కారే లేదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలో బ్యాటరీ సగం డిక్కీని మింగేస్తుంది. వెనక సీట్లు మడిచినా మధ్యలో మెట్టు మిగులుతుంది, పొడుగు సామాను పట్టదు. బానెట్ కింద ఉండే ముందు డిక్కీ వట్టి షో. నిండా లగేజీ వేస్తే రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌కి వెళ్లే దూరం) సగానికి పడిపోతుంది. నమ్మకపోతే బ్రోషర్‌లో లీటర్లు పోల్చి చూసుకోండి. ఫ్యామిలీ ఉన్నవాళ్లు పెట్రోల్ బండే తీసుకోవాలి."

ఇందులో ఒక ముక్క నిజం, ఒకటి సగం నిజం, మిగతాదంతా ఎవరో చెప్తే విన్నది. వరసగా చూద్దాం.

బ్యాటరీ సంగతి ముందు. పెట్రోల్ కోసం తయారైన బాడీలోకి తర్వాత బ్యాటరీని ఇరికించిన బండ్లలో డిక్కీ తగ్గిన మాట వాస్తవమే. మొదటి తరం హ్యుందాయ్ కోనానే తీసుకోండి, పెట్రోల్‌కి 361 లీటర్లు, ఎలక్ట్రిక్‌కి 332. తేడా 29 లీటర్లు, అంటే ఒక బ్యాక్‌ప్యాక్. అది కూడా సగం కాదు, ఎనిమిది శాతం. 2023లో వచ్చిన రెండో తరం కోనాలో పెట్రోల్‌కైనా ఎలక్ట్రిక్‌కైనా 466 లీటర్లే. క్రెటా పెట్రోల్ డిక్కీ 433 లీటర్లు, క్రెటా ఎలక్ట్రిక్‌దీ 433. మరి మింగిందెక్కడ?

బ్యాటరీ ఉండేది ముందు, వెనక చక్రాల మధ్య, ఫ్లోర్ కింద పలకలా. డిక్కీ దాని వెనక ఉంటుంది. కాబట్టి బ్యాటరీ నిజంగా తినేది వెనక కూర్చున్నవాళ్ల కాళ్ల కింది లోతుని. ఫ్లోర్ పైకి లేస్తుంది, సీటు ఎత్తు మాత్రం అంతే ఉంటుంది, పొడుగువాళ్లకి మోకాళ్లు పైకొచ్చి తొడల కింద ఆనిక లేకుండా పోతుంది. దాని గురించి గొడవ పెట్టుకుంటే నేనూ మీ వైపే. డిక్కీ అడుగున చోటు తినేది వేరే ఉంది, వెనక మోటారు. అది డిక్కీ ఫ్లోర్ కిందే కూర్చుంటుంది. పైన చోటు తినేదేమో స్టైల్ కోసం వెనక్కి వాలిపోయిన కప్పు, ఆ రోగం పెట్రోల్ బండ్లకీ ఉంది.

ఇక మెట్టు. ఇదే ఆ సగం నిజం, దీని మీద కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను దీనితోనే ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. చాలా ఎస్‌యూవీల్లో సీటు మడవడమంటే బ్యాక్‌రెస్ట్ ముందుకు వాలి సీటు మీద పడుకోవడమే. సీటు మందం ఎలాగూ ఉంటుంది కాబట్టి డిక్కీ ఫ్లోర్ కంటే మడిచిన బ్యాక్‌రెస్ట్ ఎత్తులో ఉంటుంది, కొన్నిట్లో ముందుకి వెళ్లేకొద్దీ వాలుగా లేస్తుంది కూడా. దీనికీ బ్యాటరీకీ పెద్ద సంబంధం లేదు, సీటు డిజైన్‌కి ఉంది. ఈ మెట్టు కోసమే చాలా బండ్లలో డిక్కీ ఫ్లోర్ పలకని రెండు ఎత్తుల్లో పెట్టుకునే ఏర్పాటు ఇస్తారు. కింద పెడితే లోతు ఎక్కువ, పైన పెడితే మడిచిన సీటుతో దాదాపు సమం. కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ పలక కదులుతుందని తెలుసో నాకు అనుమానమే.

నాకు తెలియలేదు మరి. పుస్తకాల అలమర ఒకటి, విడి పలకలుగా, 190 సెంటీమీటర్ల పెట్టెలో వచ్చింది. సీటు మడిచాను. హెడ్‌రెస్ట్ వెళ్లి డ్రైవర్ సీటు వీపుకి తట్టుకుంది. హెడ్‌రెస్ట్ ఊడదీసి, డ్రైవర్ సీటు ముందుకి జరిపి, మళ్లీ మడిచాను. పెట్టెని తోస్తే దాని అంచు సరిగ్గా ఆ మెట్టు దగ్గర కొట్టుకుని ఆగిపోయింది. ఎత్తి మెట్టు మీదికి ఎక్కిస్తే ముందు భాగం పైకి లేచి, వెనక కొస బయటికి ఓ జానెడు మిగిలింది. మోటారు డిక్కీ తలుపు బటన్ నొక్కితే సగం దాకా దిగి, ఏదో తగిలిందని బీప్ కొట్టి, మళ్లీ పైకి పోయింది. మూడుసార్లు. అప్పుడు పక్కింటి కుర్రాడొచ్చి, అన్నా ఆ పలక పై గాడిలో పెట్టు అన్నాడు. పెట్టాను. పెట్టె నేరుగా జారి, రెండు ముందు సీట్ల సందులోకి ఐమూలగా వెళ్లి కూర్చుంది, తలుపు పడింది. అదే బండి, అవే సీట్లు.

ఇక్కడే ఇంకో మాట. మెట్టు కంటే ముందు అడగాల్సింది సీటు ఎన్ని ముక్కలుగా మడుస్తుందని. 60:40, అంటే రెండు ముక్కలు అయితే పొడుగు వస్తువు పెట్టినప్పుడు కనీసం ఒకరి సీటు పోతుంది. పెద్ద ముక్క మడిస్తే ఇద్దరిది పోతుంది, మధ్య సీటు బెల్టు సాధారణంగా ఆ ముక్కకే ఉంటుంది. 40:20:40, అంటే మూడు ముక్కలు అయితే మధ్య ముక్క ఒక్కటే దించి, పొడుగు పెట్టెని మధ్యలోంచి తోసి, అటూ ఇటూ ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు. పిల్లల సీటు ఐసోఫిక్స్‌తో (బండి సీటులో ఉండే కొక్కేలతో) బిగించి ఉంటే ఆ ముక్క ఇక మడవలేరు, అందుకే అది ఏ వైపు బిగించాలో ముందే ఆలోచించుకోవాలి. బ్రోషర్‌లో "మడిచే సీట్లు" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, తేడా అంతా ఈ ముక్కల్లోనే ఉంది.

ముందు డిక్కీ షో అన్న ముక్కకి నా జవాబు, బండిని బట్టి. యూరప్‌లో అమ్మే హ్యుందాయ్ ఐయానిక్ 5లో ఒక్క వెనక మోటారు ఉంటే ముందు 57 లీటర్లు, ముందు మోటారు కూడా ఉంటే 24. స్కోడా ఎన్యాక్‌లో అసలు లేదు, కానీ దాని వెనక డిక్కీయే 585 లీటర్లు. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈలో ముందు 150 ఉంది, దాన్ని షో అంటే నేను ఒప్పుకోను. చిన్నదైనా ఛార్జింగ్ కేబుల్‌కి అదే సరైన చోటు. కేబుల్ వెనక ఫ్లోర్ కింద ఉండి, దాని మీద నాలుగు సూట్‌కేసులు పేర్చి ఉంటే, దారిలో ఛార్జింగ్ పెట్టాలన్నప్పుడు వానలో సామానంతా కింద దించాలి. ఒక్కసారి దించినవాళ్లు ముందు డిక్కీని వెక్కిరించరు.

రేంజ్ సగానికి పడిపోతుందన్నది మాత్రం శుద్ధ తప్పు. రెండు టన్నుల బండిలో వంద కిలోల లగేజీ వేస్తే బరువు ఐదు శాతం పెరుగుతుంది. హైవే వేగంలో కరెంటులో పెద్ద వాటా బరువుకి కాదు, గాలిని చీల్చడానికి పోతుంది, వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. లోపల పెట్టిన సూట్‌కేసు గాలికి కనపడదు కదా. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది, దిగేటప్పుడు రీజెన్‌లో, అంటే మోటారే బ్రేకులా పనిచేసి కరెంటు తయారు చేసే ఏర్పాటులో, కొంత వెనక్కి వస్తుంది. రేంజ్‌ని నిజంగా తినేది కప్పు మీద పెట్టే పెట్టె. అంటే సీట్లు మడిచి సామాను లోపల సర్దుకోవడం ఎలక్ట్రిక్ బండిలో ఇంకా ముఖ్యం, మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా తిరగేసి.

లీటర్లు పోల్చి చూడమన్నారు కాబట్టి ఆ లీటరేంటో చూద్దాం. యూరప్ పద్ధతిలో 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మల్ని డిక్కీలో సందుల్లో కూడా పేర్చి లెక్కపెడతారు. ఒక్కో దిమ్మ ఒక లీటరు. మన ఇళ్లలో సామాను దిమ్మల్లా ఉండదు. మామూలు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ 60 బై 60 బై 85 సెంటీమీటర్లు, అంటే 306 లీటర్లు. లెక్క ప్రకారం 433 లీటర్ల డిక్కీలో సీటు మడవకుండానే పట్టేయాలి, ఐయానిక్ 5లో సీట్లు మడిస్తే వచ్చే సుమారు 1580 లీటర్లలో ఐదు పట్టాలి. పట్టించి చూపించండి. డిక్కీ తలుపు దగ్గర ఎత్తు 85 లేకపోతే ఒక్కటి కూడా నిలువుగా ఎక్కదు, దాన్ని పక్కకి పడుకోబెట్టి తేవడం మంచిది కాదు. పైగా కంపెనీలన్నీ ఒకేలా కొలవవు, ఫ్లోర్ కింది గుంత కలిపేవాళ్లున్నారు, కప్పు దాకా లెక్కేసేవాళ్లున్నారు. ఒకే కియా ఈవీ9కి మూడు వరసలూ నిలబెడితే 333, మూడోది మడిస్తే 828. ఏ అంకె పట్టుకుని పోలుస్తారు? నేనైతే టేపు తీసుకెళ్లి నాలుగు కొలుస్తాను: తలుపు దగ్గర ఎత్తు, రెండు వీల్ ఆర్చ్‌ల మధ్య వెడల్పు, సీట్లు మడిచాక ముందు సీటు దాకా పొడవు, నేల నుంచి డిక్కీ అంచు ఎత్తు. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

చివరిది, ఫ్యామిలీకి పెట్రోల్ బండే అన్న తీర్పు. నిజంగా భయపెట్టాలనుకుంటే ఆ మెసేజ్ రాసినాయన బరువు పరిమితి గురించి రాయాల్సింది. బ్యాటరీ వల్ల ఖాళీ బండే బరువు, అందుకని మోయగలిగింది చోటుతో పాటు పెరగదు. అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే 450 కిలోలు మిగిలాయనుకోండి, 75 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 375 అయిపోయాయి, లగేజీకి 75 మిగిలింది. డిక్కీలో ఇంకా చోటు కనపడుతూనే ఉంటుంది. స్టెప్నీ సంగతీ అంతే, చాలా ఎలక్ట్రిక్ బండ్లలో అది ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. విడిగా స్టెప్నీ కొని డిక్కీలో వేసుకుంటే ఆ లీటర్లూ ఆ కిలోలూ దానికే పోతాయి. ఈ రెండూ అసలైన ఇబ్బందులు. నాలుగుసార్లు చదివాను ఆ మెసేజ్, వీటి గురించి ఒక్క అక్షరం లేదు.