పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం: ‘2.0’పై ఓ చిట్టి అభిమాని గోడు

రజనీకాంత్ సినిమా ‘రోబో’ చివర్లో కోర్టు తీర్పు ప్రకారం చిట్టి అనే రోబో తనను తానే విప్పుకునే సీను నాకు ఇప్పటికీ కళ్లు చెమర్చకుండా చూడడం కష్టం. ఒక్కో భాగం ఊడదీసుకుంటూ, చుట్టూ నిలబడినవాళ్లతో మాట్లాడుతూ వీడ్కోలు తీసుకుంటాడు. ఆ తర్వాత 2030లో ఒక మ్యూజియం. చిట్టిని ఎందుకు విప్పేశారని ఒక స్కూలు పాప అడుగుతుంది. ఆలోచించడం మొదలుపెట్టినందుకు అని జవాబిస్తాడు. 2010 అక్టోబరులో మా ఊరి థియేటర్లో, రజనీకాంత్‌కు తెలుగులో డబ్బింగ్ చెప్పిన మనో గొంతులో ఆ మాట వినిపించినప్పుడు, అప్పటిదాకా ఈలలతో మోగిన హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది.

అందుకే 2018 నవంబర్ 29న దాని రెండో భాగం ‘2.0’ విడుదలైన రోజు పొద్దున్న ఆటకే వెళ్లాను. మా మేనల్లుడిని కూడా తీసుకెళ్లాను, వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఈ మధ్య రెండు సినిమాలనూ వరుసగా మళ్లీ చూశాను. ఆ రోజు ఇంటికొస్తూ మనసులో ఏం మెలిపెట్టిందో ఇప్పుడు కాస్త తేటగా చెప్పగలను.

ముందు మెచ్చుకోవాల్సింది మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఈ సినిమాను మొదటి నుంచీ త్రీడీలోనే తీశారు, ఆ కష్టం తెర మీద కనిపిస్తుంది. జనం చేతుల్లోంచి సెల్‌ఫోన్లు లేచి ఆకాశంలోకి ఎగిరిపోతుంటే హాల్లో సగం మంది తమ జేబులు తడుముకున్నారు. వేల ఫోన్లు ఒకదానికొకటి అతుక్కుని, రెక్కలు విప్పి, పెద్ద డేగలా మారే దృశ్యం లాంటిది మన దేశంలో అంతకుముందు నేను చూడలేదు. దర్శకుడు శంకర్ ఊహాశక్తికి ఆ ఒక్క దృశ్యం చాలు.

దానికన్నా నన్ను కట్టిపడేసింది ఆ ఫోన్ల డేగ వెనకున్న పక్షిరాజు కథ. అక్షయ్ కుమార్ వేసిన ఆ ముసలాయన మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీని గుర్తుకు తెస్తాడు. సెల్ టవర్ల వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయని మంత్రి దగ్గరికి వెళతాడు, కంపెనీకి చెబుతాడు, కోర్టు మెట్లెక్కుతాడు, చివరికి రోడ్డు మీద జనాన్ని బతిమాలతాడు. ఎవరూ వినరు. సినిమా మొదట్లో టవరెక్కి ప్రాణం తీసుకున్న మనిషి ఇతనేనని అప్పుడు తెలుస్తుంది. ఆ ఫ్లాష్‌బ్యాక్ నడిచినంతసేపూ నాకు విలన్ ఎవరో తెలియలేదు.

ఆ బాధ నాకు దగ్గరిది. మా అమ్మమ్మగారింట్లో కోతలవగానే వరి కంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలానికి వేలాడదీసేవారు. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకునేవి, కింద అరుగంతా ఊక. పెంకుల సందుల్లోంచి గూళ్లలోని గడ్డిపోచలు అన్నం కంచాల్లో పడేవి. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది. దూలమూ లేదు, సందూ లేదు. పిచ్చుకలు వెళ్లిపోయాయి. మా వీధిలో సెల్ టవర్ వేసింది ఆ తర్వాత చాలా ఏళ్లకు.

ఇక్కడే సినిమాతో నాకు మొదటి పేచీ. పిచ్చుకలు మాయమవడానికి సెల్ టవర్లే కారణమని శాస్త్రం ఇప్పటిదాకా తేల్చలేదు. గూడు పెట్టుకోవడానికి చోటు లేకపోవడం, పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరకకపోవడం ముందు చూడాల్సిన కారణాలు. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది మహానగరాల్లో, వాటిలో మన హైదరాబాద్ కూడా ఉంది. టవర్ల రేడియేషన్ పరిమితిని కూడా 2012 సెప్టెంబరులోనే అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. విడుదలకు ముందు సెల్యులార్ ఆపరేటర్ల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసినప్పుడు నేను సినిమా పక్షానే ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను. సైన్స్ ఫిక్షన్‌కు ఊహించే హక్కు ఉంది. కానీ పిట్టల చావు కోసం అంతగా ఏడ్పించిన సినిమా, ఆ చావులో మన డాబాలకూ మన పురుగుమందులకూ ఉన్న వాటా గురించి ఒక్క మాట అనకపోవడం నాకు లోటుగానే అనిపించింది.

రెండో పేచీ ఇంకా పెద్దది. చనిపోయిన పక్షిరాజు ఆత్మ, చిట్టిని తయారుచేసిన శాస్త్రవేత్త వశీకర్ ఒంట్లో చేరినప్పుడు అతన్ని బయటికి రప్పించడానికి సినిమా ఏం చేసిందో గుర్తుందా? బొటనవేలంత చిట్టి రోబోలు పావురాల మీద ఎక్కి వస్తాయి. నువ్వు బయటికి రాకపోతే ఈ పావురాలను చంపేస్తామని బెదిరిస్తాయి. పిట్టల కోసమే ప్రాణం ఇచ్చిన మనిషి, పిట్టల కోసమే లొంగిపోతాడు. హాలంతా చప్పట్లు. నా పక్కన మేనల్లుడు త్రీడీ అద్దాలు నుదుటి మీదకి తోసుకుని, ‘మావయ్యా, ఆ పావురాలకి ఏం కాదు కదా?’ అన్నాడు. వాడికి సర్దిచెప్పాను గానీ నాకే టెన్షన్ పోలేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. అంత న్యాయమైన కోపం ఉన్నవాడిని గెలవడానికి హీరో పిట్టలనే బందీలుగా పట్టుకుంటే, ఆ గెలుపుకు నేనెలా ఈల వేయను?

‘రోబో’ ఇలా చేసి ఉండేది కాదు. అందులో అగ్నిప్రమాదం సీను గుర్తు చేసుకోండి. మంటల్లోంచి ఒక్కొక్కరినీ మోసుకొస్తున్న చిట్టి, స్నానం చేస్తున్న అమ్మాయిని వద్దన్నా వినకుండా ఒంటి మీద బట్టల్లేకుండానే జనం మధ్యకి తెస్తాడు. ఆ అమ్మాయి సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడిపోతుంది. ప్రాణం కాపాడితే చాలదని యంత్రానికి ఎవరు చెప్పాలి? ఆ ఒక్క తప్పు నుంచే మిగతా కథంతా పుట్టింది. అందుకే వశీకర్ అతనికి మనసు నేర్పాడు, అందుకే అతను వశీకర్ ప్రియురాలు సనను ప్రేమించాడు, అందుకే ముక్కలై చెత్తలో పడ్డాడు, అందుకే విధ్వంసం నేర్పే ఎర్ర చిప్‌తో తిరిగొచ్చాడు. భయం పుట్టించిన చిట్టి మీద కూడా జాలి కలిగేది.

‘2.0’లో చిట్టిని మళ్లీ బిగిస్తారు, యుద్ధానికి పంపిస్తారు. అంతే. ఆలోచించినందుకు విప్పేసిన మిమ్మల్ని నేనిప్పుడు ఎందుకు కాపాడాలి అని అతను అడగడు. అమీ జాక్సన్ వేసిన ఆడ రోబో ఎర్ర చిప్ పెట్టగానే పాత నవ్వు, పాత నడక వచ్చాయి, నేనూ సంతోషంగా అరిచాను. అయితే మొదటి సినిమాలో ఆ చిప్ ఒక పాపం. ఇక్కడ అది బండికి గేరు మార్చినట్టు వాడుకునే వస్తువైపోయింది.

చివర్లో ఆస్పత్రి మంచం మీద వశీకర్, పక్షిరాజు చెప్పిందాంట్లో న్యాయం ఉందని ఒప్పుకుంటాడు. అది వినాల్సినవాడు అప్పటికే లేడు. ఆలోచించినందుకు ముక్కలైన చిట్టి, మొత్తుకున్నా ఎవరూ వినక చనిపోయిన పక్షిరాజు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి కూడా స్టేడియంలో కొట్టుకోవడానికే పంపారు. మ్యూజియంలో ప్రశ్న అడిగిన ఆ స్కూలు పాపలాంటిది ఈ సినిమాలోనూ ఒకతి ఉండుంటే, ఫైటు మధ్యలో చిట్టి చెయ్యి పట్టుకుని అడిగేది: ‘ఆ తాతయ్య చెప్పింది తప్పా, చిట్టీ?’