నన్ను ఒంటరిగా మాననివ్వండి

నేను సిగరెట్ మానేసి ఇవాళ్టికి 43 రోజులు. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, శ్రీకాకుళంలో నాకు తెలిసినవాళ్లందరికీ తెలుసు, తెలియనివాళ్లకి కూడా కొంత తెలుసు. నిన్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇస్త్రీ బట్టలు తీసుకోడానికి ఆగితే, బొగ్గుల పెట్టె ఊదుతున్న అతను తలెత్తకుండానే "42 కదా బావూ?" అన్నాడు. లెక్క సరిగ్గా ఉంది. మా ఆఫీసులో నా ఇంక్రిమెంట్ లెక్క కూడా ఇంత జాగ్రత్తగా ఎవరూ వేయలేదు.

నా గోడు పొగ మానడం గురించి కాదు, మానిపించేవాళ్ల గురించి. పొగ తాగేవాడికి ఈ దేశంలో చట్టం ఉంది, బోర్డు ఉంది, జరిమానా ఉంది. మానేసినవాడిని అతని మిత్రుల నుంచి కాపాడే చట్టం ఒక్కటీ లేదు. అధికారులు ఈ లోటు గమనించాలని మనవి.

మొదటి నుంచీ చెప్తాను. నా జీవితంలో మొదటి సిగరెట్‌కి నేను పైసా ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వరు, మొదటిది ఎప్పుడూ పుణ్యానికే వస్తుంది. ఇంటర్ సెకండియర్లో ఒక మిత్రుడు నాగావళి గట్టు మీద, గాలికి ఆరిపోకుండా రెండు అరచేతులూ గూడులా కట్టి నా మూతి దగ్గర అగ్గిపుల్ల పట్టాడు. నా పెళ్లిలో హారతి కూడా ఎవరూ అంత భక్తిగా పట్టలేదు. ఒక్క పీల్పుకే దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, పక్కనున్న గేదె లేచి దూరంగా వెళ్లిపోయింది. వాడు నా వీపు తట్టి, "అలవాటైపోద్దిరా" అన్నాడు. నిజమే, అలవాటైపోయింది. 26 ఏళ్లు.

ఆ మిత్రుడు ఇప్పుడు హైస్కూల్లో మాస్టారు. పొగ మానడానికి పెట్టుకున్న మా సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

సంఘం అంటే పెద్దదేం కాదు. ఏళ్లుగా పొగ కోసం రోజూ పదకొండింటికి బడ్డీ దగ్గర చేరుతూ వచ్చిన నలుగురం. 2008లో గాంధీ జయంతి నాటి నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన దేశమంతా వచ్చింది, 200 రూపాయల దాకా జరిమానా. అప్పుడు మా ఆఫీసు గోడకి 'పొగ తాగరాదు' అని బోర్డు పెట్టారు. మాకు చాలా ఉపకారం జరిగింది. అంతకు ముందు ఎక్కడ కలుసుకోవాలో రోజూ తర్జనభర్జన, ఆ తర్వాత "బోర్డు దగ్గరికి రా" అంటే చాలు.

డబ్బా మీద బొమ్మ సంగతీ ఇంతే. 2016 నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. గొంతు పుండుపడ్డ ఆ బొమ్మ చూస్తే అన్నం సయించదు. ప్రభుత్వం అంత కష్టపడి డబ్బాని కప్పేస్తే, మనవాళ్లు డబ్బానే తీసేశారు. ఎవరు కొంటున్నారండీ డబ్బా? బడ్డీవాడు లోపల ఎక్కడో చింపి, ఒక్కటి తీసి, రెండు వేళ్లతో పువ్వులా అందిస్తాడు. పక్కన ప్లాస్టిక్ దారంతో మేకుకి కట్టిన లైటర్. బొమ్మా లేదు, పుండూ లేదు. మానాలనుకునేవాళ్ల కోసం ఆ డబ్బా మీదే 1800-11-2356 అని ఉచిత నంబరు కూడా అచ్చేస్తారు. దాన్ని నేను మొదటిసారి చూసింది మానేశాక, చెత్తబుట్టలో. మా సంఘం కంటే ఆ నంబరే నయం. మనం చేస్తేనే మాట్లాడుతుంది.

అసలు పొగ విషయంలో మన జిల్లాకి ఉన్న ఘనత తెలియకుండా మాకు నీతులు చెప్పడం అన్యాయం. మా మామ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చుట్ట అంటించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడం. బయటికి కనపడేది చల్లటి కొస ఒక్కటే. సముద్రపు గాలికి ఆరిపోదు, చోళ్లు, అంటే రాగులు, చెరుగుతుంటే చేటలో బూడిద రాలదు. ఆ నిప్పు నోట్లో ఉండగానే కోళ్లని అదిలించేది, కోడళ్లని తిట్టేది. నిప్పులు కక్కడం అనే మాట మా ఇంట్లో అలంకారం కాదు. విదేశీ, స్వదేశీ పరిశోధకులు కలిసి ఈ జిల్లా పల్లెలకొచ్చి 10,169 మంది నోళ్లు తెరిపించి, అంగిళ్లు పరీక్షించి, ఈ అడ్డపొగ మీద 1971లో వ్యాసం అచ్చు వేశారు. జిల్లాలో ఎందరో మహానుభావులు పుట్టారు గానీ, ప్రపంచ వైద్యశాస్త్రంలోకి మనం వెళ్లింది అంగిట్లోంచే. మామ్మ చివరి నాలుగు నెలలూ అన్నం మింగలేక గంజి తాగింది. ఆ ముక్క మాత్రం మా ఇంట్లో ఘనతలు చెప్పుకునేటప్పుడు రాదు.

సరే, సంఘం ఎలా పుట్టిందంటే, నవంబరు నెలాఖర్లో మాలో ఒకాయన ట్రెజరీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడ మీద పోస్టర్ చదవడం మొదలెట్టాడు. మూడు నిమిషాలు చదివాడు. అది కుటుంబ నియంత్రణ పోస్టర్, ఆయనకి మనవలున్నారు. ఊపిరాడక ఆగాడని మాకు అర్థమైంది. మర్నాడు డాక్టరు చెప్పినవి వచ్చి మాకు చెప్పాడు, ఆ సాయంత్రమే అరసవల్లి వెళ్లి నలుగురం ఒకేసారి ఒట్టేసుకున్నాం. ఆరోగ్యం ఇచ్చే దేవుడు ఊరి పక్కనే ఉండగా ఇన్నాళ్లూ ఆయన్ని ఉద్యోగాల కోసం, బదిలీల కోసం ఇబ్బంది పెట్టాం.

అప్పటి నుంచి నాకు ఏకాంతం లేదు.

మాస్టారు ఎక్కడో చదివొచ్చి రోజూ అప్పజెబుతాడు. ఆపిన 20 నిమిషాలకి గుండె వేగం తగ్గుతుందట, సగం రోజుకి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుందట, ఏడాదికి గుండెజబ్బు ముప్పు తాగేవాడి ముప్పులో సగానికి పడిపోతుందట. "మిగతా సగం ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగాను. క్లాసులో ఉన్నట్టు నన్ను నిలబెట్టాడు.

మొదటి మూడు రోజులూ చెప్పుకోదగ్గవి కావు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది, కుక్క మంచం కింద నుంచి రాలేదు. నాలుగో రోజు నికోటిన్ చూయింగ్ గమ్ కొన్నాను. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేయకూడదు, కాస్త నమిలి, నాలుక చురుక్కుమనగానే దవడకి ఆనించి ఊరుకోవాలి. నేను కిళ్లీలాగా నమిలి రసం మింగాను. గంటసేపు ఎక్కిళ్లు. పైగా అది నోట్లో ఉన్నంతసేపూ, దానికి ముందు పావుగంటా టీ తాగకూడదన్నారు. శ్రీకాకుళంలో గవర్నమెంటు ఉద్యోగిని ఈ మాట అనడానికి మనసెలా వచ్చిందో.

ఇంక ఫోన్లు. పొగ తాగాలన్న కోరిక నాలుగైదు నిమిషాలే ఉంటుందట, ఆ కాసేపు ఎవరితోనైనా మాట్లాడితే పోతుందట. అందుకని, మనసు లాగితే పోస్టర్ చదివినాయనకి ఫోన్ చెయ్యాలని నియమం. ఒకరోజు 10:40కి చేశాను. ఆయన తన చిన్నమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి మొదలెట్టి, మొదటి ఆప్షన్, రెండో ఆప్షన్, హాస్టల్లో కూర రుచి, వియ్యంకుడి షుగరు దాకా వెళ్లాడు. 11:25 అయింది. నా కోరిక ఏ ఆప్షన్ దగ్గర పారిపోయిందో గమనించలేదు. అప్పట్నుంచి మనసు లాగగానే, ఫోన్ చెయ్యాల్సొస్తుందన్న భయంతోనే లాగడం మానేస్తోంది. దీన్ని వైద్యం అంటారా, బెదిరింపు అంటారా, పెద్దలు తేల్చాలి.

పొద్దున్న అయిదింటికి నాగావళి గట్టు మీద నడక. 26 ఏళ్ల క్రితం నేను దగ్గిన చోటు దాటి, ఇంకా అవతలికి. తిరిగొచ్చాక చోడి అంబలి, ఉల్లిపాయ ముక్క. ఆకలి రెట్టింపైంది, నాలుగు కిలోలు పెరిగాను. "మామూలే, సిగరెట్ కంటే పొట్ట నయం" అన్నారు డాక్టరు. ప్యాంటు కుట్టిన టైలర్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. డబ్బులు మిగులుతాయి కదా అంటారు. రోజుకి 8, ఒక్కోటి 18 రూపాయలు, నెలకి 4,320. ఇన్నేళ్లుగా ఆ డబ్బు ఎటు పోతోందో అడగని మా ఆవిడ, పుట్టింటి నుంచి రాగానే మిగిలింది చూపించమంది. పలాస జీడిపప్పు అయిపోయిందని చెప్పాను. చెయ్యి ఊరుకోక దాని మీద పడ్డాం మరి.

జీడిపప్పు గిట్టుబాటు కాదని తీర్మానించి తేగల మీదికొచ్చాం. పండగ రోజులు కదా, కాల్చిన తేగలు కట్టలు కట్టలుగా వస్తున్నాయి. పొడుగ్గా ఉంటుంది, వేళ్ల మధ్య ఇముడుతుంది, కొస కొంచెం మాడి కూడా ఉంటుంది. నమలడానికి పది నిమిషాలు, పళ్లలో పీచు తీసుకోడానికి మరో పది. పదకొండింటికి బోర్డు కింద నలుగురు గవర్నమెంటు మనుషులు తలో తేగ పట్టుకుని నిలబడితే దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. బడ్డీ ముసలాయన తేగల కట్ట కూడా పెట్టాడు. నష్టం కదా అంటే, "నష్టమేటి బావూ, ఇంకో పదేళ్లు బతికితే పదేళ్లు కొంటారు" అన్నాడు. మా ఆయుష్షు మీద పెట్టుబడి పెట్టిన మొదటి మనిషి.

27వ రోజున అధ్యక్షుడే దొరికిపోయాడు. ట్రాన్స్‌ఫార్మర్ వెనక, రెండు అరచేతులూ గూడులా కట్టి. చేతులు చూసే గుర్తుపట్టాను. "పరీక్ష రాయించేవాడు పేపరు చూసుకోవద్దా" అన్నాడు గానీ, గొంతు వణికింది. చట్ట ప్రకారం 200 జరిమానా వేశాం. తిట్టలేదు. ఆ రాత్రి ముగ్గురం మార్చి మార్చి ఆయనకి ఫోన్ చేశాం, కౌన్సెలింగ్ ఆప్షన్లన్నీ మళ్లీ మొదటి నుంచి వినిపించాం. మర్నాడు పొద్దున్న అయిదింటికి గట్టు మీదికి అందరికంటే ముందొచ్చాడు. ఆయన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.

నిన్న బోర్డు దగ్గరికి కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ వచ్చాడు. కుర్రాడు, పాతికేళ్లుండవు. చెవి వెనక ఒకటి పెట్టుకుని, "సార్, అగ్గిపెట్టుందా?" అన్నాడు. అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. చేతికొచ్చింది ఇచ్చాను. కుర్రాడు మర్యాదకి ఒక ముక్క కొరికి, చాలాసేపు నమిలి, కళ్లలో నీళ్లతో నా వైపు చూశాడు.

"ఏటి సార్, ఇంత పీచు?"

వీపు తట్టాను. "అలవాటైపోద్దిరా."