మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఒక 'ఏమండీ'

ఇది నిన్న సాయంత్రం మా విశాఖపట్నంలో జరిగింది. ఇంకా ఇరవైనాలుగు గంటలు కూడా నిండలేదు కనుక, ఎక్కడైనా నా గొంతు కొంచెం హెచ్చినట్టు అనిపిస్తే పాఠకులు మన్నించాలి.

మా కారుకు పన్నెండేళ్ళు. దాని స్టీరియోలో సీడీ పెట్టుకునే చీలిక ఒకటి, ఎఫ్‌ఎం రేడియో ఒకటి తప్ప పాట లోపలికి వెళ్ళడానికి మరో దారి లేదు. ఆ చీలికలో మా అబ్బాయి యూకేజీ చదివే రోజుల్లో రెండు రూపాయల బిళ్ళ వేశాడు. హుండీ అనుకున్నాడట. అప్పటినుంచి అది మూగనోము పట్టింది. ఇక నా దగ్గరున్న ఐపాడ్, 2001లో పుట్టి 2022లో అంతరించిపోయిన జాతికి చెందినది. దాన్ని ఇన్నాళ్ళూ పారేయకుండా దాచుకోవడానికి కారణం అందులో నేను ఎక్కించి పెట్టుకున్న పద్యనాటకాల పద్యాలు. మా మామగారిది శ్రీకాకుళం. ఆయనకు పద్యమంటే ప్రాణం. ఆయన వేసవికి మా ఇంటికి వస్తున్నారని తెలియగానే, కాంప్లెక్సులో బస్సు దిగింది మొదలు ఎంవీపీ కాలనీలో మా ఇల్లు చేరేదాకా కారులో పద్యాలు మోగించి అల్లుడనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది.

సిగరెట్టు ముట్టించుకోవడానికి పన్నెండు వోల్టుల గుంట ఒకటి అడక్కుండానే అమర్చిన కారు తయారీదారులకు, ఇయర్‌ఫోను వైరు పట్టే మూడున్నర మిల్లీమీటర్ల బెజ్జం పెట్టడానికి చేతులు రాలేదు. మా వంశంలో సిగరెట్టు కాల్చినవారు లేరు. పాట విననివారూ లేరు. ఈ సంగతి డాబాగార్డెన్స్‌లో కారు సామాన్ల దుకాణం కుర్రవాడితో చెప్పుకుంటే, అతను బొటనవేలంత పరికరం ఒకటి చేతిలో పెట్టి ఆరువందల యాభై తీసుకున్నాడు. దాన్ని సిగరెట్టు గుంటలో గుచ్చి, ఐపాడ్ వైరు దానికి తగిలిస్తే, అదే ఒక బుల్లి రేడియో స్టేషన్ అయిపోయి నాలుగైదు గజాల మేర ప్రసారం చేస్తుంది. మన స్టీరియో ఆ ప్రసారాన్ని అందుకుంటుంది. మన ఊళ్ళో ఆకాశవాణి వారి రెయిన్‌బో 102లో ఉంది, ప్రైవేటు స్టేషన్లు 91.1, 92.7, 93.5, 98.3లలో ఉన్నాయి, కనుక వాటికి దూరంగా ఖాళీగా ఉన్న చోటు చూసుకోవాలి.

"ఏటీ లేదు సార్. గుచ్చీడం, 88 పెట్టీడం, పాట వచ్చీడం. నేనే పెట్టీసి ఇస్తాను," అన్నాడు కుర్రవాడు. పెట్టేసి ఇచ్చాడు. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి.

దాన్ని బిగించడంలో నేను పడిన అవస్థ అప్రస్తుతం. మామగారు బస్సు దిగారు, ఆయనతోపాటు గోనెసంచిలో ఒక పనసకాయ దిగింది. మామగారు ముందు సీట్లో, నా భార్యా పనసకాయా వెనక సీట్లో కూర్చున్నారు, పద్యం మోగింది, మామగారు "ఓహో" అన్నారు. పదిహేనేళ్ళలో ఆయన నన్ను ఉద్దేశించి "ఓహో" అనడం అదే మొదలు.

మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడి, దాని కింద అంకెలు 96 నుంచి దిగడం మొదలుపెట్టాయి. పొద్దు వాలినా ఉక్క తగ్గలేదు కనుక అద్దాలన్నీ మూసి ఏసీ వేసి ఉంచాను. పద్యం చివరి పాదానికి వచ్చింది. నటుడు రాగం అందుకున్నాడు. పద్యనాటకం ఎరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ రాగం ఒక్క ఊపిరితో బయలుదేరి ఎక్కడికో వెళ్ళి, అక్కడ నిలబడి దిగాలా వద్దా అని కొంతసేపు ఆలోచించుకుని, జనం చేత "వన్స్‌మోర్" అనిపించుకుంటే గాని దిగదు. మామగారు కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళు ఆడిస్తూ దానితోపాటు పైకి వెళ్ళారు. ఆయన ఇంకా పైన ఉండగానే రాగం కత్తితో కోసినట్టు తెగిపోయింది. దాని బదులు, కారులో ఉన్న నాలుగు స్పీకర్లలోనూ, గారమూ విసుగూ సమపాళ్ళలో కలిసిన ఆడగొంతు ఒకటి వినిపించింది.

"ఏమండీ! ఎక్కడిదాకా వచ్చారు?"

మామగారు కళ్ళు తెరిచారు. ఆయన నా వైపు చూడలేదు. స్టీరియో వైపు చూశారు. అది ఇంకా భయంకరం.

ఇక్కడ నేను తెలుగువారి దాంపత్య మర్యాద గురించి ఒక ఫిర్యాదు చేయదలచుకున్నాను. ఆ ఇల్లాలు తన భర్తను పేరు పెట్టి పిలిచి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. ఏ పేరు పలికినా అది నా పేరు కాదని నలుగురికీ తెలిసేది, మేమందరం నవ్వుకునేవాళ్ళం. కాని 'ఏమండీ' అనే సంబోధన ఏ మగవాడికైనా అతికే అంగీ వంటిది. పెళ్ళయిన ప్రతివాడూ ఆ మాట వినగానే ఉలిక్కిపడతాడు. నేనూ అలవాటు కొద్దీ ఉలిక్కిపడ్డాను, అది మామగారు చూశారు.

"అబ్బే, ఇది నాకు కాదండీ," అని నేను మొదలుపెట్టాను. నా వాక్యం పూర్తయ్యేదాకా ఆవిడ మర్యాదగా ఆగి, "మద్దిలపాలెమా? ఇంకా అక్కడేనా?" అన్నది.

జరిగినదేమిటో ఇప్పుడు నాకు తెలుసు. అలాంటి పరికరమే పెట్టుకున్న మరో కారు మా పక్కనే ఆగి ఉంది. బ్లూటూత్ ఉన్న రకంలో ఫోను మాటలు కూడా ఎఫ్‌ఎం ద్వారానే స్పీకర్లకు వెళతాయి. అందులోనూ అవతలి మనిషి మాటలు మాత్రమే ప్రసారమవుతాయి, కారులో ఉన్న మహానుభావుడి జవాబులు మనకు వినపడవు. ఆ ఖాళీల్లో నా మాటలు ఒకదాని తరవాత ఒకటి సరిగ్గా అమిరిపోయాయి. పైగా నాలుగు గజాల దూరంలో ఉన్నవాడు మద్దిలపాలెంలో కాక భీమిలిలో ఎలా ఉంటాడు? ఆవిడ అడిగే ప్రతి ప్రశ్నకూ ఆ కారులో జవాబు ఎంత నిజమో, మా కారులోనూ అంతే నిజం.

పాతకాలపు మీడియం వేవ్ అయి ఉంటే రెండు స్టేషన్లూ కలగాపులగంగా వినిపించేవి, రాగం వెనకాల ఆవిడ గొంతూ, ఆవిడ వెనకాల రాగమూ ఉండి, ఇదేదో గొడవ అని ఎవరికైనా అర్థమయ్యేది. ఎఫ్‌ఎంకు ఆ పాటి జాలి లేదు. ఒకే చోట రెండు సంకేతాలు పడితే బలమైనదాన్ని ఉంచుకుని బలహీనమైనదాన్ని మింగేస్తుంది. నా ఆరువందల యాభై రూపాయల స్టేషన్ బలహీనమైనదని ఆ విధంగా తెలిసింది.

నేను ఐపాడ్ ఆపేశాను. ఆవిడ ఆగలేదు. ఐపాడ్ వైరు లాగేశాను. "బీపీ మాత్ర వేసుకున్నారా?" అన్నది. నాకు బీపీ ఉంది. ఇక లాభం లేదని పరికరాన్నే గుంటలోంచి ఊడబెరికాను. శాస్త్రం తెలిసినవాడు చేయకూడని పని అదే. మధ్యలో ఉన్న నా కొద్దిపాటి అడ్డు కూడా తొలగిపోవడంతో ఆవిడ గొంతు ఇంకా నిండుగా, పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా వినిపించింది. ఒక చేతిలో ఐపాడ్, మరో చేతిలో వైరూ పరికరమూ వేలాడేసుకుని నేనూ, ఏ ఆధారమూ లేకుండా మాట్లాడుతున్న స్టీరియో, దాన్ని తేరిపార చూస్తున్న మామగారు: అంకెలు అప్పటికి 41లో ఉన్నాయి.

"ఏమండీ, ఎవరావిడ?" అని వెనక నుంచి నా భార్య అడిగింది.

"ఏమండీ, మాట్లాడరేం?" అని ముందు నుంచి ఆవిడ అడిగింది.

ఒకే కారులో రెండు 'ఏమండీ'లు. ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలియక నేను కిటికీ వైపు తిరిగి, పక్క కారును వేలితో చూపించాను. దాని అద్దాలు కాటుకలా ఉన్నాయి. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించకూడదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ ఒక్క తీర్పు మద్దిలపాలెం దాకా వచ్చి ఉంటే, అవతల పెదవులు కదుపుతున్న మగవాణ్ణి మామగారికి చూపించి నేను నిర్దోషిగా విడుదలయ్యేవాణ్ణి. ఆ అద్దంలో కనిపించింది నా ముఖమే. అందులో నేను దొంగలాగే ఉన్నాను.

రేడియో కట్టేయవచ్చు గదా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. నాకూ తోచింది, అంకెలు 19కి వచ్చాక. రెండు చేతుల్లోనూ సరంజామా ఉండటం వల్ల మోచేత్తో నొక్కాను. అది వాల్యూమ్.

"పక్కన పెద్దాయన ఉన్నారా?" అని ఆవిడ గొంతు కారంతా దద్దరిల్లేలా అడిగింది. ఒక క్షణం ఆగింది. "సరే అయితే, తరవాత మాట్లాడతాను. వచ్చేటప్పుడు కొత్తిమీర మరచిపోకండి."

పచ్చదీపం పడింది. నల్లద్దాల కారు ముందుకు దూకి వెళ్ళిపోయింది, దానితోపాటే నా సాక్ష్యం కూడా. స్టీరియోలో ఉత్త బరబర మిగిలింది. మామగారు చాలా నెమ్మదిగా కండువా సవరించుకుని, "ఏటి బాబూ, ఈ పద్యం?" అన్నారు. పెళ్ళయినప్పటినుంచి ఆయనకు నేను 'అల్లుడుగారు'ను. 'బాబు' అని ఆటోవాళ్ళను పిలుస్తారు.

ఇంటికి ఎలా చేరామో నాకు గుర్తులేదు. రాత్రి ఎఫ్‌ఎం సిద్ధాంతమంతా కాగితం మీద బొమ్మ గీసి నా భార్యకు వివరించాను. "ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నారు?" అన్నది. ఎంత తెలిస్తే అంత అనుమానం.

ఈ ఉదయం దుకాణం తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కుర్రవాడు వచ్చి, షట్టర్ ఎత్తి, అగరుబత్తి వెలిగించి, నా కథంతా సానుభూతితో విన్నాడు.

"అవును సార్, అందరికీ 88 మీదే పెట్టీసి ఇస్తాం. ఖాళీగా ఉంటాది గదా," అన్నాడు.

"అందరికీ ఒకే చోట పెడితే ఖాళీగా ఎలా ఉంటుందయ్యా?"

అతను కొంచెంసేపు ఆలోచించాడు. ఆ కోణం అతనికి ఇంతకుముందు తోచినట్టు లేదు. "ఇంతవరకు ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు సార్," అన్నాడు చివరికి. ఎలా చేస్తారు? వాళ్ళందరూ ఇళ్ళలో బొమ్మలు గీసుకుంటూ ఉండి ఉంటారు. పరికరాన్ని 107కు మార్చి ఇచ్చి, సెట్టింగు చార్జీ అని యాభై రూపాయలు తీసుకున్నాడు. ఇచ్చాను. అతని వెనక గోడకు అలాంటివి ఇంకా రెండు వరుసలు వేలాడుతున్నాయి.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. మామగారు మాట్లాడకుండా తింటున్నారు. చారులో ఏదో లోటుగా ఉంటే, ఆలోచించకుండా, "కొత్తిమీర వెయ్యలేదా?" అని అడిగాను.

నా భార్య గరిటె గిన్నెలో పెట్టి, "అక్కడ ఇచ్చి వచ్చారుగా, అక్కడే తినండి," అన్నది.