సున్నాకీ ఖాళీకీ తేడా తెలియని వాన లెక్కలు

2021 నవంబరు వానలను తిరుపతి మరిచిపోలేదు. స్వర్ణముఖి పొంగిన తీరు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన తీరు మళ్లీ చెప్పనక్కర్లేదు. వరద వచ్చిన ప్రతిసారీ కొత్త ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు కావాలంటారు. ఉన్నవాటిని తుడిచేదెవరు? ముందు అది తేల్చండి.

ఆటోమేటిక్ వానమాపకంలో గరాటు కింద తక్కెడలా ఊగే చిన్న దొప్ప ఉంటుంది. అర మిల్లీమీటరో, ఇంకా తక్కువో వాన నిండగానే ఒరుగుతుంది; ఒరిగినప్పుడల్లా ఒక లెక్క. గరాటుకు వేపాకో పిట్టరెట్టో అడ్డుపడిందా, బయట కుండపోత, కంప్యూటర్‌లో సున్నా. బ్యాటరీ అయిపోయి కబురే రాకపోతే అది సున్నా కాదు, ఖాళీ. రెండింటినీ ఒకే గడిలో కలిపేసే వ్యవస్థకు ఎన్ని వందల కేంద్రాలున్నా అబద్ధమే చెబుతుంది. ఆ ఖాళీని పక్క మండలం వానతో పూడిస్తే మరీ ఘోరం. శేషాచలం అంచున కొండకు ఇవతల కురిసింది అవతల కురవదు. వాతావరణ ఆధారిత పంట బీమాలో పరిహారం తేలేది ఈ అంకెలతోనే. అప్పు తెచ్చి వేరుశనగ వేసిన రైతు చేలో చినుకు లేకపోయినా, కాగితం మీద పక్కూరి వాన పడిపోతుంది. ఇంతకన్నా అన్యాయం ఉందా?

అందుకే ప్రతి అంకె వెంటా దాని పుట్టుక రాసి ఉండాలి. కొలిచిందా, అంచనా వేసిందా? గరాటు ఎప్పుడు కడిగారు? పక్కన గోడ లేచిందా? పరికరం మారిస్తే పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కనే నడపాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న సూత్రం. వాతావరణాన్ని మనం పోల్చుకునేది 30 ఏళ్ల సగటుతో, ఇప్పుడైతే 1991-2020తో. మధ్యలో థర్మామీటరును మిద్దె మీదికి మార్చి ఆ సంగతి రాయకపోతే, పెరిగిన వేడి కాలానిదో మిద్దెదో ఎవరు చెప్పగలరు?

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అంటారు. అవి కట్టేది అంచనా. దాన్ని సరిచూసుకోవడానికి నేల మీద వానమాపకం ఉండాల్సిందే. తిరుపతి దగ్గర గాదంకిలో, పై వాతావరణాన్ని పరిశీలించే 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ ఉండటం మన అదృష్టం. ఆకాశంలో గాలుల పోకడ అది చెబుతుంది. చెరువులో నీళ్లు ఎంతెత్తుకు చేరాయో చెప్పడం దాని పని కాదు.

ఉన్నదాన్ని చూసుకోని ఈ జబ్బు యంత్రాలతో వచ్చింది కాదు. గొలుసుకట్టు చెరువులు తవ్వుకున్న సీమ మనది. తూము తీసి మూసేందుకు, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ చూసుకునేందుకు ఊరికో మనిషి ఉన్నంతకాలం అవి నిలిచాయి. ఆ మనిషి పోయాక పూడిక మిగిలింది. కట్టడానికి టెండరు పిలిచే ఉత్సాహం పూడిక తీయడానికి ఏనాడూ లేదు.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. సెప్టెంబరు దాటకముందే ప్రతి మండలంలో గరాటు కడిగే పనిని గ్రామ సచివాలయంలో ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి. కడిగిన తేదీని వాన లెక్క పక్కనే రోజూ జనానికి కనిపించేలా పెట్టండి.